ముందే వచ్చిన ట్యాంకరు

పొద్దున ఏడింటికి పోస్టు పెట్టారు. ఏడున్నరకల్లా తిట్లు మొదలయ్యాయి.

హిందూపురంలో ఒక కాలనీకి పంతొమ్మిది రోజులుగా నీళ్ల ట్యాంకరు రాలేదన్నది ఆ పోస్టు. దాని కిందే ఎవరో వీడియో పెట్టారు. అదే కాలనీ, అదే వీధి, అక్కడి అధికార పార్టీ నాయకుడి ఫొటో అతికించిన ట్యాంకరు, నిండి పొర్లుతున్న బిందెలు. ‘అబద్ధాల బ్లాగు’ అని నూటికి పైగా కామెంట్లు.

‘ఎదురుమాట’ బ్లాగుకు ఇలా కావడం మూడోసారి. ధర్మవరంలో నేతగాళ్ల సాయం జాబితాలో షాపుల వాళ్ల పేర్లున్నాయని రాస్తే, తెల్లారి పోస్టు పడేలోపే ఆఫీసు గోడ మీద జాబితానే లేదు. పెనుకొండలో ఒక హాస్టల్లో మరుగుదొడ్లకు తలుపుల్లేవని రాస్తే, పోస్టు కన్నా ముందే తలుపులొచ్చాయి. పోనీలే, పనులైనా జరుగుతున్నాయి కదా అనుకోకండి. ట్యాంకరు మర్నాడు మళ్లీ రాలేదు.

ఎవరో ముందే చెప్పేస్తున్నారు.

బ్లాగు నడిపేది ధర్మవరంలో ఉండే కుమారస్వామి. చేసేది మగ్గం పని, రాసేది రాజకీయం. హిందూపురం నుంచి ప్రైవేటు స్కూలు టీచరు నిర్మల, పెనుకొండ నుంచి ట్యూషన్లు చెప్పే సాల్మన్ సంగతులు పంపుతారు. కుమారస్వామి పోస్టు రాస్తాడు. పేదల పక్షాన, ఆడవాళ్ల పక్షాన రాసేవాళ్లను ఊరికొకరినైనా పోగెయ్యాలని ముగ్గురి ఆశ. రొళ్ల, ఆమడగూరు వైపు నుంచి పదకొండు మంది చేరతామన్నారు. ట్యాంకరు గొడవ తర్వాత అందరిదీ ఒకటే మాట. "మీలో దొంగ ఎవురో ముందు తేల్చుకోండి. ఆమీట మేమొస్తాం."

రెండేళ్ల కష్టం. కుమారస్వామికి ముద్ద మింగుడు పడలేదు.

"ఏమప్పా, రెండు ముద్దలైనా తినరాదా," అంది భార్య ధనలక్ష్మి. "పాపన్నను చూడు. వాని మగ్గం అర్ధగంట ఆడితే గంట ఆగతాది. అయినా పాటలు పాడుకుంటాండాడు."

పాపన్న పక్కింటి నేతగాడు. మధ్యన ఒకటే గోడ. నాయకుడు ఊళ్లోకొస్తే పార్టీ కండువా వేసుకుని అందరికన్నా ముందు నిలబడే మనిషి.

"మాటిమాటికీ మగ్గం ఆగతాందంటే పోగులు తెగతాండాయని," అన్నాడు కుమారస్వామి, పాతికేళ్లుగా నేస్తున్నవాడి ధీమాతో. "వానికి మంచి పట్టు దొరికినట్టు లేదు."

ఆదివారం పెనుకొండలో, సాల్మన్ ట్యూషన్ గదిలో ముగ్గురూ కూర్చున్నారు. ఎవరూ ఎవరి ముఖమూ సరిగా చూడటం లేదు. సాల్మన్ టీ పోస్తూ నవ్వించబోయాడు.

"ట్యాంకరు పోస్టు దిద్దేకి నాకు చూపీకుండానే పెట్టినావు కదబ్బా. చదివితే తెలుస్తానే ఉండాది. నీళ్ల సంగతి మధ్యలో ‘ధనా, టీ ఈడ పెట్టు’ అని ఉండె."

నిర్మల ఫక్కున నవ్వింది.

"ఫోన్లో రాస్తే ఏందో ఒకటి పడతాంటాది," అని కొట్టిపారేశాడు కుమారస్వామి. "నీకు చూపీకుండా కావాలనే పెట్టినా."

నవ్వు ఆగిపోయింది.

"ముందు రెండు పోస్టులూ ముగ్గురికీ తెలుసు. ఎవుర్నని అనేది? అందుకే మూడోది సాల్మన్‌కు తెలీనీలేదు. సంగతి చెప్పింది నిర్మల. రాసింది నేను. నడాన ఇంకో మనిషి లేడు. అయినా ట్యాంకరు ముందే వచ్చె."

"అంటే నేనా అన్నా?" అంది నిర్మల.

"నేనైతే ఎవురి ముందరా నోరు విప్పలేదు."

నిర్మల టీ గ్లాసు కింద పెట్టేసింది. "ఆ ఆడోళ్లతో పాటు మూడు దినాలు ఎండలో నిలబడి ఫొటోలు తీసింది నేను. ఉద్యోగం పోతాదని ఇంట్లో మొత్తుకుంటాండారు. నేనే పోయి వాళ్లకు చెప్తానా?"

"మీ మరిది ఆ నాయకుని కార్లోనే తిరుగుతాడంట కదా?"

"మరిది తిరిగితే నాదా తప్పు?"

సాల్మన్ తన గ్లాసులో ఇంకొంచెం టీ పోసుకున్నాడు. నిజం చెప్పాలంటే, దొంగ తను కాదని తేలినందుకు అతనికి లోపల హాయిగానే ఉంది.

నిర్మల బ్యాగు భుజానికి తగిలించుకుంది.

"సరేన్నా. నా పేరు తీసేయి. ఈసారి నాకు తెలీకుండానే రాయి. అది కూడా ముందే తెలిసిపోతే అప్పుడెవుర్ని తీసేస్తావో చూస్తా."

ఆమె మెట్లు దిగకముందే కుమారస్వామి గ్రూపులోంచి పేరు తీసేశాడు. పదకొండు మందికీ కబురు పంపాడు. దొంగ దొరికింది, రండి. సాయంత్రానికి తొమ్మిది మంది చేరిపోయారు.

రొళ్ల నుంచి చేరిన గంగన్న అప్పుడే ఒక సంగతి పంపాడు. గొర్రెలు మేసే బీడుకు నాయకుడి మనుషులు కంచె వేశారు. కళ్లారా చూసి సాక్ష్యం చెప్తానన్నది నల్లమ్మ ఒక్కతే. ఆమెది గుట్ట కింద ఒంటరి ఇల్లు. పోస్టు వచ్చి పదిమందికీ తెలిసేదాకా తన పేరు పొక్కకూడదని మరీ మరీ చెప్పింది.

"ఇంక ఆ భయం లేదులేమ్మా," అని కుమారస్వామి ఫోన్లో మాటిచ్చాడు.

సోమవారం పొద్దున చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాడు. మగ్గం గుంతలో కాళ్లు దించి కూర్చున్నాడు. గోడకు ఈ పక్క అతని మగ్గం, ఆ పక్క పాపన్న మగ్గం పోటీపడి మోగుతున్నాయి.

కుమారస్వామి ఎప్పటిలాగే ఫోన్‌ను మగ్గం గుంజకు వేలాడదీసి, మైకు గుర్తు నొక్కి, నేత ఆపకుండానే, అంత మోతలోనూ చెప్పింది చెప్పినట్టు ఫోను రాసుకునేలా గొంతెత్తి, "రొళ్ల దగ్గర నల్లమ్మ అనే గొర్రెల కాపరి" అని మొదలుపెట్టగానే, గోడకవతల పాపన్న మగ్గం ఆగిపోయింది.