ఏడో కర్ర

"ఆరో కర్ర దగ్గర ఈ ఏడాది నాలుగు మీటర్ల మంచు కరిగింది. ఎనిమిదో కర్ర దగ్గర నాలుగున్నర. మధ్యలో ఏడో దగ్గర మాత్రం మూడేళ్లుగా అర మీటరే. ఎండ దాని మీద అలిగిందా అమ్మా?"

తనిఖీకి వచ్చిన అధికారి రిజిస్టరు ఆమె ముందుకు తోశాడు. కొండ మీది మంచులో కర్రలు పాతి, ఏటా ఒక్కో కర్ర ఎంత పైకి తేలిందో కొలిచి రాయడం ఆమె ఉద్యోగం. ఒక్కతే వెళ్లి వస్తుంది. ఎవరైనా తోడు వస్తామన్నా వద్దంటుంది. అంతకుముందు ఈ పని ఆమె భర్త చేసేవాడు.

ఆమె రిజిస్టరు మూసేసింది. టీ తెచ్చిన ముసలి వాచ్‌మన్ ఉండబట్టలేక అధికారి చెవిలో ఊదాడు.

"ఈమె భర్త పడిపోయింది ఆ ఏడో కర్ర దగ్గరే సార్."

పన్నెండేళ్ల కిందటి మాట, అంతా వాచ్‌మనే చెప్పుకొచ్చాడు. కొలతలకని పైకి వెళ్లాడు. మంచు పగులు అంచున అతని తాడు, సంచీ దొరికాయి. మనిషి దొరకలేదు. అది కదిలే మంచు కాదనీ, పడ్డవాడు పడ్డచోటే ఉంటాడనీ, కరిగిన నాడు బయటపడతాడనీ చెప్పి వెతికినవాళ్లు దిగిపోయారు. ఆ మాట అతని తల్లి మనసులో మేకులా దిగింది. అప్పటినుంచి ఆవిడ కొండదారి కనిపించే కిటికీ దగ్గరే కూర్చుంటుంది. ఏటా కొడుక్కి ఒక స్వెట్టరు అల్లుతుంది. బయటికొచ్చేసరికి వాడికి చలేస్తుందట. నవ్వడానికి ఎవరికీ నోరు రాలేదు.

అధికారి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మనిషి మంచివాడే, కాకపోతే అంకెల పిచ్చి.

"అంటే కావాలనే తక్కువ రాస్తున్నారు. నిజం రాస్తే పెద్దావిడ పైకి తీసుకెళ్లమంటుంది. చూసి తట్టుకోలేదని మీ భయం. అంతేనా?"

"ఆవిడ గుండె ఆగిపోతుంది సార్. ఇంకెన్నాళ్లుంటుంది? అంతవరకూ వదిలేయండి."

"రేపు నేనే వెళ్లి చూస్తేనో?"

"మీ కాళ్లు పట్టుకుంటాను."

 అధికారి చాలాసేపు పెన్ను తిప్పుతూ కూర్చున్నాడు. చివరికి ఏడో కర్రను సగటులోంచి తీసేస్తున్నట్టు రాసి సంతకం పెట్టాడు.

"నాకూ అమ్మ ఉంది," అని గొణిగాడు.

ఆమె క్వార్టర్స్‌కి వచ్చేసరికి అత్తగారు అల్లుతూనే ఉంది.

"ఎంత కరిగిందే అమ్మాయ్?"

"మూరెడు, అత్తయ్యా."

"అంతేనా! పాపిష్టి మంచు." అల్లిక సూదులు ఆగాయి. "వాడు అక్కడే ఉన్నాడంటావా?"

"అక్కడే ఉన్నారు. ఎక్కడికి పోతారు?"

ఆవిడ తృప్తిగా తలూపింది. సూదులు మళ్లీ టిక్కుటిక్కుమన్నాయి. కోడలు వంటింట్లోకి వెళ్లి తలుపు మూసుకుని, ఏడుపు బయటికి రాకుండా అరచేత్తో నోరు నొక్కుకుంది.

ఏడో కర్ర కింద మంచు మూడేళ్ల కిందటే అడుగంటా కరిగిపోయింది, తేలిన బండల సందులన్నీ ఆమె రెండు చేతులతో వెతికింది, అక్కడ ఎవరూ లేరు.