కదలని కెమెరా

“తెరుచుకోవడం లేదమ్మా,” అన్నాడు ఆపరేటర్. “సినిమా ఈ కంప్యూటర్ డబ్బాలోనే ఉంది. బయటికి రానంటోంది.”

క్యూరేటర్ ఆపరేటర్ గది అద్దంలోంచి కిందికి చూసింది. మ్యూజియం హాల్లో అరవై కుర్చీలూ నిండాయి. ముందు వరసలో మ్యూజియం డైరెక్టర్ గారు కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నారు. ‘మనిషి – ప్రకృతి’ అని పేరు పెట్టి ఆమె ప్రతి ఆదివారం మధ్యాహ్నం వేయిస్తున్న సినిమాల్లో ఇది మూడోది. తిమింగలాల సినిమాకు పదిహేడు మంది వచ్చారు. మంచుకొండల సినిమాకు తొమ్మిది మంది, అందులో నలుగురు నిద్రపోయారు. ఈసారి కూడా జనం మధ్యలో లేచిపోతే సినిమాలు ఆపించి, ఆ హాల్లో బొమ్మల దుకాణం పెట్టిస్తానని డైరెక్టర్ గారు నిన్న తేల్చి చెప్పారు. అందుకే ఆమె తెలిసిన ప్రతి ఇంటికీ ఫోన్ చేసి, బతిమాలి రప్పించింది.

“ఏదో ఒకటి చెయ్యి బాబాయ్. తెర ఖాళీగా ఉంటే నా పని అయిపోయినట్టే.”

ఆపరేటర్ వారమంతా అదే గదిలో కూర్చుని మ్యూజియం కాపలా కెమెరాలు చూస్తుంటాడు. ఆదివారం మాత్రం సినిమా వేస్తాడు. రెండింటి తీగలూ ఒకే పెట్టెలోకి వస్తాయి. కంగారులో ఒకటి పీకి ఇంకోటి గుచ్చాడు. తెర వెలిగింది.

ఓ జామచెట్టు. పక్కన కుళాయి. దాని కింద సొట్టపడ్డ బకెట్టు. అది మ్యూజియం వెనక పెరడు.

తీసెయ్యమంది ఆమె.

“తీస్తే నల్లగా అయిపోతుందమ్మా. ఇది పచ్చగా అయినా ఉంది.”

ఆహ్వానపత్రం మీద ‘మాటలు లేని చిత్రం, నిదానంగా చూడగలరు’ అని వేయించింది తనే. జనం నిదానంగానే చూస్తున్నారు. ఐదు నిమిషాలకు ఓ ఆకు రాలింది. ఎవరో దగ్గబోయి, తప్పు చేసినట్టు నోరు మూసుకున్నారు. ఏమీ జరగని చోట ఏదో జరుగుతోందని అరవై మంది ఒకేసారి నమ్మితే, నిజంగానే జరగడం మొదలవుతుంది కాబోలు.

ఆమె మెట్లు దిగి, ముందు వరస పక్కన గోడకు ఆనుకుని నిలబడింది. ఎవరైనా కనిపెడితే తనే ముందు తప్పు ఒప్పుకోవాలి. ఆ తర్వాత బొమ్మల దుకాణం.

తెర మీదికి తోటమాలి వచ్చాడు.

ఆమె చప్పున డైరెక్టర్ గారి వైపు చూసింది. ఆయన బల్ల మీద పదకొండేళ్లుగా రోజూ పొద్దున్నే పూలు మార్చే మనిషి అతను. డైరెక్టర్ గారు ముందుకు వంగారు. కళ్లద్దాలు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

“ఎక్కడ పట్టుకొచ్చారో ఈయన్ని,” అన్నారు మెల్లగా. “నటిస్తున్నట్టే లేదు.”

తోటమాలి కుళాయి విప్పాడు. చెట్టు మొదట్లో నీళ్లు పోశాడు. తర్వాత నడుం మీద చేతులు పెట్టుకుని చెట్టుకేదో చెప్పసాగాడు.

“నానమ్మా, ఏం చెప్తున్నాడు?” అనడిగింది వెనక వరసలో ఓ చిన్నపిల్ల.

“కాయలెందుకు కాయట్లేదని అడుగుతున్నాడు.”

“అదేమంటోంది?”

“ఉండవే, విననీ.”

తెర మూలన తెల్లటి అంకెల్లో గంటలూ నిమిషాలూ నడుస్తున్నాయి. డైరెక్టర్ గారు తెర వంక చూశారు. చేతి వాచీ చూసుకున్నారు. మళ్లీ తెర చూశారు. చెప్పేద్దామని ఆమె ఓ అడుగు ముందుకు వేసింది. ఈలోగా ఆయన పక్కాయన వైపు వంగారు.

“గమనించారా? ఆ గడియారం సరిగ్గా నా వాచీతో కలిసి నడుస్తోంది. చెట్టు కాలం, మన కాలం ఒకటేనంటున్నాడు. ఎంత ఆలోచించి తీశాడండీ.”

ఆమె వేసిన అడుగు వెనక్కి తీసుకుంది.

అప్పుడు తోటమాలి అటూ ఇటూ చూసి చెట్టు వెనక్కి వెళ్లాడు. ఎందుకు వెళ్లాడో అర్థమై ఆమె కళ్లు మూసుకుంది. ఎవరూ నవ్వలేదు. తీసుకున్న నీళ్లు నేలకు తిరిగి ఇచ్చేస్తున్నాడని ఓ లెక్చరరు తన భార్యకు వివరించాడు. ఆవిడ గంభీరంగా తలూపింది.

ఇవతలికి వచ్చిన తోటమాలి, చిన్నపిల్లవాడి వీపు తట్టినట్టు చెట్టును రెండుసార్లు తట్టాడు. పైపు చుట్టుకుని వెళ్లిపోయాడు. ఆపరేటర్ అక్కడ తీగ పీకేశాడు.

దీపాలు వెలిగినా కాసేపు ఎవరూ లేవలేదు. తర్వాత చప్పట్లు మొదలై ఎంతకీ ఆగలేదు. డైరెక్టర్ గారు జేబురుమాలుతో కళ్లు ఒత్తుకుంటూ ఆమె దగ్గరికి వచ్చారు. సినిమాలు ఆగవన్నారు. ఏడాది పొడుగునా వెయ్యమన్నారు. ఆ చెట్టును చూస్తుంటే తన బతుకంతా ఫైళ్ల పాలైందని అనిపించిందన్నారు. నిజం ఆమె నాలుక చివరి దాకా వచ్చింది. ఆమె దాన్ని అక్కడే ఆపుకుని, ‘థాంక్యూ సర్’ అంది.

“దుకాణం మాట మర్చిపోండి. అసలు ఇలాంటి సినిమాలకు ఈ గది సరిపోదు. పెద్ద హాలు కట్టిద్దాం.”

“స్థలం ఎక్కడుంది సర్?”

“వెనకాల మన పెరడు ఉందటగా. నేనెప్పుడూ అటు వెళ్లలేదు గానీ, ఏవో నాలుగు పిచ్చిచెట్లు తప్ప ఏమీ లేవంటారు. మనకు తోటమాలి అంటూ ఎవరైనా ఉంటే, రేపే కొట్టేయమనండి.”