గాడి తప్పించిన లారీ

“మిషన్ అబద్ధం సెప్పదమ్మా!” అంది మిరియం.

“అయితే నాను సెప్తన్నానేటి?” ఉప్మా వడ్డిస్తూ అడిగింది రత్నమణి.

అరగంటగా ఇదే గొడవ. అచ్యుతాపురం ఫ్యాక్టరీల రోడ్డు గట్టిగా ఉందని మిరియం రిపోర్టు. రోజూ ఆ దారినే స్కూటీ మీద పనికి వెళ్లే తల్లేమో, లారీ వెళ్తుంటే రోడ్డు పరుపులా కుంగుతోందంటుంది.

మిషన్ అంటే ఓ లారీ. బరువు నింపి పరిగెత్తిస్తే, చక్రం కింద రోడ్డు ఎంత కుంగిందో లారీ అడుగున ఉన్న లేజర్లు కొలుస్తాయి. ఆ లారీ తోలింది తండ్రి ఐజాక్. మిరియం సంతకంతో వెళ్లే మొదటి రిపోర్టు రేపు ఆఫీసుకు చేరాలి.

“ఎడమపక్క లారీలు తిరిగి గాడి పడిపోనాది కదా, మీ నాన్న సక్రం అందులో ఎట్టినాడేటి?”

ఐజాక్ నవ్వాడు. “ఎందుకెడతాను? ముప్పై ఏళ్లు స్టీలు కాయిల్స్ తోలినోణ్ణి. మెత్తటి సోటు తప్పించి, బండిని పువ్వులా తోలుకొచ్చాను.”

“నన్నెప్పుడూ అంత పువ్వులా సూణ్ణేదు!” అంది రత్నమణి.

మిరియం చేతిలో చెంచా ఆగిపోయింది. కొలవాల్సింది ఆ గాడినే. రోడ్ల గురించి నాన్నకు తను చెప్పేదేముంటుందని ఆ ఒక్క మాటా చెప్పలేదు.

“తప్పు సేసీసేనేటమ్మా?” ఐజాక్ గొంతు తగ్గింది.

“నువ్వు కాదు నాన్నా, నానే.” మిరియం ల్యాప్‌టాప్ మూసి, ఇద్దరికీ నెమ్మదిగా చెప్పింది. “రేపు రిపోర్టు పంపను. ఆఫీసులో నా తప్పేనని సెప్తాను. మళ్లీ తోలుదాం, గాడిలోనే. ఎక్కడ కుంగుతాదో సూపించడానికి నాన్న పక్కసీట్లో అమ్మ కూసుంటాది.”