రెండో రిమోట్

“గా ‘రెండో రిమోట్’ ముచ్చట మీరే రాసిన్రా?”

పెళ్లిచూపుల్లో దీపిక అడిగిన మొదటి ప్రశ్నకే జగదీశ్ నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది.

అతను నోరు తెరవకముందే పక్కనున్న వెంకటన్న అందుకున్నాడు. “ఇంకెవరు రాస్తరమ్మ? నా కండ్లతోని చదివిన. వనపర్తిల పిలగాని జిరాక్సు దుకాణం గోడకే అంటిచ్చి ఉంటది.”

గోడకు ఉన్న మాట నిజమే. రాసింది మాత్రం జగదీశ్ కాదు. ‘మూడు లైఫులు’ అనే బ్లాగులో, ‘రెండో ప్లేయర్’ అని పేరు పెట్టుకున్న ఎవరో మహానుభావుడు రాశాడు. వీడియో గేముల మీద జగదీశ్‌కూ ఒక బ్లాగుంది. దానికి ఇద్దరు పాఠకులు. దుకాణంలో కంప్యూటరు నుంచి జగదీశ్, ఇంట్లో ఫోను నుంచి జగదీశ్.

ఏ బటను నొక్కితే ఎవడు చస్తాడో జగదీశ్ రాసేవాడు. ఆ రెండో ప్లేయర్ ఆడేవాళ్ల గురించి రాసేవాడు. గేముల దుకాణంలో చేతిలో పైసా లేనివాళ్లంతా వెనక నిలబడి సలహాలివ్వడం, ఓడినవాడు రిమోట్ మీదికి తప్పు నెట్టడం, కరెంటు పోతే శత్రువులిద్దరూ కలిసి కరెంటోళ్లను తిట్టడం, అన్నీ అచ్చ పాలమూరు మాటల్లో. కుళ్లుకోవాల్సింది పోయి జగదీశ్ భక్తుడైపోయాడు. నచ్చినవన్నీ ప్రింటు తీసి గోడకు అంటించాడు. ఆధార్ కార్డు జిరాక్సుకు వచ్చినవాళ్లు చదివి, “మంచిగ రాసినవ్ రా” అని భుజం తట్టేవారు. మొదట్లో నేను కాదని చెప్పాడు. చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఊరుకున్నాడు.

నూరు అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు. సంబంధాలు కుదిర్చే వెంకటన్న ఈ ఒక్క విషయంలో అబద్ధమాడలేదు, పాపం, నిజంగానే నమ్మాడు.

ఇప్పటికే మూడు సంబంధాలు, “ముప్పై ఏండ్లొచ్చినా ఆటలాడుతడంట” అని తప్పిపోయాయి. గద్వాలలో ఈ మగ్గం ఇంటివాళ్లు మాత్రం ఆటల మీద రాస్తాడని తెలిసే పిలిచారు. పైగా దీపికను చూశాక జగదీశ్‌కు ఈ సంబంధం పోగొట్టుకోవాలని లేదు.

“అవును, నేనే,” అన్నాడు. అన్న మరుక్షణమే తన మీద తనకు అసహ్యమేసింది.

దీపిక వదల్లేదు. “అండ్ల ఇంట్ల చిన్నోళ్లకు వైరు లేని, పనిచెయ్యని రెండో రిమోట్ ఇస్తరు గద. గంట సేపు ఆడి, మేం గెలిచినమని ఎగురుతరు. నిజంగ తెల్వకనే ఎగురుతరా?”

అది జగదీశ్ నలభైసార్లు చదివిన చోటు. భయం మరిచిపోయాడు. “తెలుసు. మొదటి రోజే తెలుసు. వైరు లేదని అంటే పక్కకు కూసోనియ్యరు. గందుకే తెల్వనట్టు ఆడుతరు. ఆ మాట రాయలే గని, చదివితే సమజైతది. చదివి నేనైతే ఏడ్చిన.”

“మీరు రాసింది చదివి మీరే ఏడ్చిన్రా?” అన్నాడు దీపిక అన్న గిరిధర్.

“అంటే, రాసేటప్పుడు ఏడ్చిన.”

దీపిక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “మూడు నెలల సంది ఏం రాస్తలేరు, ఎందుకు?” అంది.

“ఎవ్వరు చదువుతలేరని అనుకున్నరు కావచ్చు,” అనేసి నాలుక్కరుచుకున్నాడు జగదీశ్. “అనుకున్న, అనుకున్న. గని చదివేటోళ్లు ఉన్నరు. గోడలకు అంటిచ్చుకొని చదువుతరు. రాసుడు ఆపొద్దు.”

దీపిక ఖాళీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

బస్సు బీచుపల్లి వంతెన దాటుతుండగా వెంకటన్న ఫోను మోగింది. మాట్లాడి పెట్టేసి, జగదీశ్ వీపు మీద ఒక్కటి చరిచాడు. “ఒప్పుకున్నరు రా. పిల్ల లోపటికి పోయినకాడి నుంచి ఒకటే నవ్వుడంట. గంత నచ్చినవ్.”

జగదీశ్ దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాడు. ఆమె ఒప్పుకున్నది ఆ రెండో ప్లేయర్‌ను, తనను కాదు. అంత మంచి రాత రాసినవాడిని దోచుకున్నాడు, అంత మంచి పిల్లను మోసం చేశాడు. ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ ఆ మహానుభావుడికి ఒక్క మాట రాసే ధైర్యం చేయలేదు గానీ, ఇక ఆగలేకపోయాడు. ఫోను తీసి ఆ బ్లాగులో ఉన్న చిరునామాకు మెయిలు రాశాడు.

“అన్నా, నేను మీ తోటి బ్లాగరును. మీ రాతలంటే నాకు పానం. ఇయ్యాల గద్వాలల ఒక అమ్మాయి ముంగట మీ రాతను నాదని చెప్పిన. తప్పైంది. రేపు పొద్దుగాల పోయి ఆమెకు నిజం చెప్త. సంబంధం పోతే పోనీ. మీరు మాత్రం రాసుడు ఆపకుండ్రి.”

పంపించాక గుండె తేలికైంది. వనపర్తి బస్టాండులో దిగుతుండగా ఫోను మోగింది. రెండో ప్లేయర్ జవాబు. తిట్లకు సిద్ధపడి తెరిచాడు. ఒక్కటే లైను ఉంది.

“ఇయ్యాల గద్వాలల మా ఇంటికి, నన్ను చూడనీకి నేనే వచ్చిన.”