తల ఊపాను

'అల్బేనియాలో ఎవరూ చూడని చోట్లు' అని పుస్తకం రాసిన పరదేశి నా గడప ముందు నిలబడ్డాడు. మా ఏటి మీది చెక్క వంతెన గురించి, "గట్టిదే, ఊరి కుర్రాడే చెప్పాడు" అని అందులో రాశాడు.

అది చదివి వచ్చినవాళ్లు వంతెన ఎక్కారు. వాళ్లను వెనక్కి లాగబోయిన నా కొడుకు ఆగ్రోన్, వంతెన విరిగి ఏట్లో పడి చనిపోయాడు.

"ఎవరూ చూడని చోట్లన్నీ చూపించావుగా నాయనా! మావాడి సమాధి కూడా రాస్తావా పుస్తకంలో?" అన్నాను.

అతను వచ్చీరాని మా భాషలో ఏడ్చాడు. "అబద్ధం రాయలేదమ్మా. వంతెన గట్టిదేనా అని మీ అబ్బాయినే అడిగాను. కంచె కొడుతున్నాడు, నోట్లో మేకులున్నాయి. తల పైకీ కిందకీ ఊపాడు."

నాకంతా అర్థమైంది. చావింట ఇచ్చే చక్కెర లేని కాఫీ కాచి ఇచ్చాను.

"నన్ను క్షమించారా అమ్మా?"

అతని కళ్లలోకి చూస్తూ నేనూ తల పైకీ కిందకీ ఊపాను. నా చేతులు ముద్దు పెట్టుకుని, గుండె తేలికై వెళ్లిపోయాడు.

మా దేశంలో తల అలా ఊపితే కాదని, లేదని అర్థం. నా కొడుకు నిజమే చెప్పాడు. నేనూ నిజమే చెప్పాను.

ఏదో ఒకరోజు ఏ కాఫీకొట్టులోనో ఎవరో అతనికి ఆ సంగతి చెబుతారు. నాకు ఆ రోజు చాలు.