చుట్టం వచ్చాడు

మడచెట్లు నరకకుండా ప్రభుత్వం వాటికి మాటలు వినే యంత్రపు చెవులు తగిలించినప్పటి నుంచి పీతలు పట్టే పోలేశ్వరి ఇంట్లో కత్తిని కత్తి అనడం మానేశారు. కొమ్మ నరుకుతామన్న మాట చింతగింజంత ఉండే ఆ చెవుల్లో పడిందంటే చాలు, సర్కారు ఎక్కడినుంచో ఆపేసినట్టు ఆ ఇంటి పడవ ఇంజను మూగబోతుంది. వేట ఆగిపోతుంది. అందుకే మొగుడూ పెళ్ళాం గుసగుసలాడుకుని కత్తికి ‘చుట్టం’ అని పేరు పెట్టుకున్నారు.

ఆ పొద్దున నిజంగానే దూరపు బంధువు ఒకాయన వచ్చాడు. పోలేశ్వరి వాకిట్లోంచి సంబరంగా, "చుట్టం వచ్చాడయ్యో!" అని కేకేసింది. రేవులో ఆమె మొగుడు ధనరాజు పడవ ఇంజను ఠక్కున ఆగిపోయింది.

ధనరాజు తడికాళ్ళతోనే ఇంటికొచ్చాడు. "ఆ మాట మనిద్దరికే తెలుసు. ఎవరి కాడ వాగేవే?"

"నేనా? కల్లుపాకలో నువ్వే వాగుంటావు!"

వచ్చినాయన కాఫీ కూడా తాగకుండా జారుకున్నాడు. మొగుడి ఫోను వంక ఆమె, ఆమె కొంగుముడి వంక మొగుడు అనుమానంగా చూసుకుంటూ కూర్చున్నారు.

మధ్యాహ్నం పొయ్యి రాజేయడానికి పోలేశ్వరి పక్కనున్న కట్టెల్లోంచి ఓ ఎండు మడకొమ్మ తీసి విరిచింది. బెరడు సందున చెవి ఒకటి మిణుక్కుమంది. అది ఎప్పుడో కొమ్మతోపాటు ఇంటికొచ్చి, ఇన్నాళ్ళూ పొయ్యి పక్కనే ఉండి వాళ్ళ మాటలన్నీ నేర్చేసుకుంది.

ఆమె మొగుణ్ణి పిలవలేదు. దాన్ని నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"చుట్టం మాట బాగానే ఇన్నావు. గ్యాసు ఇవ్వండి బాబూ అని రోజూ ఈ పొయ్యి కాడే మొత్తుకున్నాను గదే, అది ఇనపళ్ళేదా నీకు?"