మిద్దెమీద గాలి

మిద్దెక్కిన పెంచల్ మండిపడ్డాడు. గాలివేగం చెప్పే యంత్రానికి కొత్తగా బిగించిన సోలార్ పలక మీద గోనెపట్టా పరిచి, నెత్తళ్లు ఎండబోసి ఉన్నాయి.

"ఏందమ్మే ఇది? మిద్దెంతా ఖాళీగా ఉంటే నీ చేపలకు దీని నెత్తే దొరికిందా? బ్యాటరీలు వారం తిరక్కుండా చస్తా ఉండాయని గదా ఇది బిగించింది!"

భార్య వనజాక్షి మెట్ల మీదే నిలబడింది. "అవి చావలేదు. నేనే కొత్తవి తీసేసి పాతవి పెట్టినా."

పట్టా లాగబోయిన పెంచల్ చెయ్యి ఆగిపోయింది.

"ఊరోళ్లంతా పడవలు ఒడ్డుకు లాక్కోని కూర్చున్న రోజు, గాలి లేదని ఇది చెప్పిందని నువ్వొక్కడివే వేటకు పోయినావే! ఇది చెప్పేది మన మిద్దెమీది గాలి మామా. సముద్రం మీది గాలి దీనికేం తెలుసు?"

అతను విసురుగా పట్టా లాగేశాడు. నెత్తళ్లు మిద్దెంతా చెదిరిపోయాయి.

ఆమె కూర్చుని వాటిని ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టింది.

"లాగు, ఎన్నిసార్లు లాగుతావో లాగు. రేపు మళ్లీ కప్పతా. ఇది చచ్చిన రోజే గదా నువ్వు ఒడ్డున ఉండేది!"